కుళాయి నీరు, మురుగు కాలువ, నెల రశీదు

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున గావించిన ప్రసంగము)



మేము గ్రామములలో తిరుగునపుడు పంచాయతీ సభ్యులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "నీరు దేవుడిచ్చినది. దానికి నెలనెల డబ్బు కట్టుడని ఇంటింటికి పోయి ఏ ముఖముతో అడుగగలము?" అని.

ప్రశ్న న్యాయమైనదే. సమాధానము కూడ న్యాయముగ ఉండవలెను. మనము నీటికి వెల కట్టుట లేదు. నీటిని పైకెత్తి, శుభ్రపరచి, ఇంటి ముంగిటికి చేర్చుటకును, వాడిన నీటిని ఊరి వెలుపలకు సాగనంపుటకును అగు వ్యయమును పంచుకొనుచున్నాము. ఈ సంగతి రశీదులో కనిపించిననాడు డబ్బు అడుగుటకు ఎవరును సంకోచింపనక్కరలేదు. కనిపించనంతకాలము ఎంత అడిగినను ప్రజలకు అది దండుగగనే తోచును.

ఈ బాధ్యత పంచాయతీకి ఎట్లు సంక్రమించినది? 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పదునొకండవ షెడ్యూలులో చేర్చినది. అందు త్రాగునీరును ఉన్నది, ఆరోగ్య పారిశుధ్యములును ఉన్నవి. తెలంగాణములో 2016 ఆగస్టు 7న కోమటిబండ వద్ద ప్రారంభమైన మిషన్ భగీరథ గోదావరి, కృష్ణా జలములను గ్రామముల ట్యాంకులకు చేర్చినది. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జలజీవన్ మిషన్, మనిషికి రోజునకు 55 లీటర్ల చొప్పున ప్రతి గ్రామీణ గృహమునకు కుళాయి నీరందించుట లక్ష్యముగ పెట్టుకొన్నది. ట్యాంకులు కట్టుటకును, గొట్టములు పరచుటకును ప్రభుత్వము సొమ్ము ఇచ్చును. కాని కట్టిన ట్యాంకు దినదినము నిండవలెను. పరచిన గొట్టము ఏండ్ల తరబడి నిలువవలెను. అది ఊరివారి పని.

ఇక లెక్కకు వత్తము. ఇందలి అంకెలు కేవలము లెక్క తెలియుటకు ఊహించుకొన్నవి; మీ ఊరి అంకెలను వీని స్థానమున వేసికొనుడు.

ఒక గ్రామమున 300 ఇండ్లు, ఇంటికి అయిదుగురు చొప్పున ఉన్నారనుకొందము. మనిషికి 55 లీటర్లనగా ఇంటికి రోజునకు 275 లీటర్లు, ఊరికి 82,500 లీటర్లు. నెలకు 24 లక్షల 75 వేల లీటర్లు. ఈ నీటిని అందించుటకు నెలకు విద్యుత్తు బిల్లు 8,000 రూపాయలు, పంపు ఆపరేటరు వేతనము 10,000, బ్లీచింగు పౌడరు 1,000, మరమ్మతులు 3,000, మోటారు పాతబడిననాడు క్రొత్తది కొనుటకు నిల్వ 2,000 అనుకొందము. మొత్తము 24,000. ఇంటికి 80 రూపాయలు. వేయి లీటర్ల నీటికి సుమారు 10 రూపాయలు. అనగా లీటరుకు ఒక పైసా.

ఇప్పుడు వంద ఇండ్లవారు కట్టలేదనుకొనుడు. 8,000 రూపాయలు తగ్గినవి. విద్యుత్తు బిల్లు సరిగా అంతే. బిల్లు నిలిచిన మోటారు నిలుచును. మోటారు నిలిచిన కట్టినవారి కుళాయియు, కట్టనివారి కుళాయియు ఒకేసారి ఎండును. ఈ లెక్కను గ్రామసభలో చదివి వినిపించుటకు పెద్ద చదువు అవసరము లేదు.

నిల్వ సొమ్మును గూర్చి ఒక మాట. చాలచోట్ల దీనిని లెక్కలో చేర్చరు. మోటారు కాలిపోయిన తరువాత చందాలకు బయలుదేరుదురు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట యనగా ఇదియే. ఆ వారము రోజులును బిందెలు మోయువారు స్త్రీలే యని మరువరాదు.

పట్టణములలోను, కొన్ని గ్రామములలోను మీటర్లున్నవి. మీటరు చదువుట సులభము. ఒక ఘనపు మీటరు నీరనగా వేయి లీటర్లు. క్రిందటి నెల 412, ఈ నెల 421 ఉన్నచో ఆ ఇంటివారు వాడినది 9 ఘనపు మీటర్లు, అనగా 9,000 లీటర్లు. అయిదుగురున్న ఇంటికి 55 లీటర్ల లెక్కన నెలకు 8,250 లీటర్లు అగును గనుక ఇది సబబుగనే ఉన్నది. అదే 20 ఘనపు మీటర్లు కనిపించినచో కారణము వెదుకవలెను. రాత్రి కుళాయిలన్నియు కట్టివేసి మీటరు చూడుడు. ముల్లు కదలుచున్నచో ఎక్కడనో నీరు కారుచున్నట్లే. మీటరు లేనివారు కారెడు కుళాయి క్రింద గంటసేపు చెంబు ఉంచుడు. అరలీటరు నిండినచో రోజునకు 12 లీటర్లు, నెలకు 360 లీటర్లు పోవుచున్నవి. ఒక్క వాషరు మార్చిన ఆగు నష్టమిది.

రశీదులో రెండవ పద్దు మురుగునీటిది. ఇది ఎందులకని చాలమంది అడుగుదురు. ఇంటికి వచ్చిన నీటిలో నూటికి 80 పాళ్లు మురుగునీరై బయటికి పోవునని ఇంజనీర్లు లెక్కవేయుదురు. మనము ఊహించిన ఊరిలో రోజునకు 66,000 లీటర్లు వీధిలోనికి వచ్చును. కుళాయి పెట్టినవారు కాలువను మరచినచో ఆ నీరంతయు గుంటలలో నిలిచి దోమలకు నిలయమగును. ఈ రెండు పనులు వేరుకావు గనుకనే హైదరాబాదులో 1989లో ఏర్పడిన బోర్డు పేరులో మంచినీటి సరఫరాయు, మురుగునీటి పారుదలయు కలసియున్నవి. అచటి నీటి బిల్లులో మురుగునీటి సెస్సు చేరియుండుటకును కారణమిదియే.

గ్రామములో భూగర్భ మురుగు గొట్టములు సాధారణముగ ఉండవు. వంటింటి నీటికి, స్నానపు నీటికి ఇంటివద్దనే ఇంకుడు గుంట మేలు. రేగడి నేలలో నీరు త్వరగా ఇంకదు గనుక అచట కాలువలే శరణ్యము. మరుగుదొడ్డి నీటిని మాత్రము వీథి కాలువలోనికి వదలరాదు. దానికి జంట గుంటలు ఉండవలెను. ఒకటి నిండిన రెండవదానికి మార్చి, మొదటిదానిని సుమారు రెండేండ్లు కదలింపక ఉంచినచో అందలి మలము ఎరువగును. సెప్టిక్ ట్యాంకు ఉన్నవారు దానిని యంత్రముతోనే తోడింపవలెను. రక్షణ సాధనములు లేక మనిషిని అందు దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. నాలుగు రూపాయలు మిగుల్చుకొనుటకు తోటివాని ప్రాణమును పణముగ పెట్టు హక్కు ఎవరికిని లేదు. కాలువల పూడిక తీయించుటకు నెలకు 6,000 రూపాయలైనచో ఇంటికి 20 రూపాయలు. నీటికి 80, మురుగుకు 20; వెరసి 100.

నీటి పద్దు, మురుగు పద్దు కలియు చోటు మరియొకటి కలదు. దానిని మీరు శ్రద్ధగా వినవలెను. మన ఊళ్లలో నీరు రోజంతయు రాదు. ఒకటి రెండు గంటలు వచ్చి ఆగిపోవును. వచ్చునపుడు గొట్టములో ఒత్తిడి ఉండును గనుక పగులు నుండి నీరు బయటికి చిమ్మును. ఆగినపుడు ఒత్తిడి పోవును. అదే పగులు నుండి చుట్టుప్రక్కల ఉన్న మురుగు లోపలికి చేరును. మరునాడు ఆ నీరే బిందెలోనికి వచ్చును. కుళాయికి సొంత మోటారు తగిలించినవారు ఈ కీడును ఇంకను పెంచుచున్నారు. ఆ మోటారు పొరుగువారి నీటిని మాత్రమే గాక కాలువలోని మురుగును కూడ పీల్చును. వాంతులు, విరేచనములు, టైఫాయిడు, పచ్చకామెర్లు ఈ దారినే ఊరిలో అడుగు పెట్టును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యన్న సామెత ఇచట వర్తించును. కాలువలో నుండి పోవు గొట్టమును పైకెత్తి మార్చుటకు అగు వ్యయము ఒక్కసారిది. ఆసుపత్రి వ్యయము ఏటేటిది.

అందుచేత ట్యాంకులో బ్లీచింగు పౌడరు కలిపితిమని తృప్తిపడరాదు. సరఫరా గొట్టపు చిట్టచివరి ఇంటి కుళాయి నీటిని పరీక్షింపవలెను. అచట లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని భారత ప్రమాణములు చెప్పుచున్నవి. మూత తీసి తేమ తగుల ఉంచిన పౌడరు శక్తి కోల్పోవును గనుక డబ్బాను బిగించి ఉంచుడు.

ఇక లెక్కల సంగతి. పదునైదవ ఆర్థిక సంఘము 2021-22 నుండి 2025-26 వరకు గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంటులలో నూటికి 60 పాళ్లు త్రాగునీటికి, పారిశుధ్యమునకే ప్రత్యేకింపబడినవి. ఇట్టి గ్రాంటు వచ్చిననాడు ఎంత వచ్చినది, దేనికి వెచ్చించితిరి అని ప్రజలడుగుదురు. అపుడు నీళ్లు నమలరాదు. నెలసరి వసూలును, వ్యయమును పంచాయతీ కార్యాలయపు గోడమీద వ్రాయింపుడు.

రశీదులో ఇంటి నంబరు, నెల, నీటి రుసుము, మురుగు రుసుము, పాత బాకీ, కట్టిన సొమ్ము వేరువేరుగ ఉండవలెను. పాత బాకీని ఈ నెల రుసుముతో కలిపి ఒకే అంకెగ వ్రాసినచో తగవు తప్పదు. బిల్ కలెక్టరు రశీదు ఇయ్యక ఒక్క రూపాయియైనను తీసికొనరాదు. నిజముగ కట్టలేని వృద్ధులకు, నిరుపేదలకు మినహాయింపు ఇయ్యదలచినచో నియమములననుసరించి గ్రామసభలో చెప్పియే ఇయ్యుడు. చాటున ఇచ్చిన మినహాయింపు పలుకుబడి గలవారికే చేరును.

అన్నిటికంటె ముందు సర్పంచియు, సభ్యులును తమ ఇంటి బాకీ తీర్చవలెను. తమ కుళాయికి మోటారున్నచో తీసివేయవలెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు.

మీరు ఊరికి పోయిన పిమ్మట మొదటి ఆదివారము ఉదయము నీరు వదలు వేళకు పంపు ఆపరేటరును, ఇద్దరు ముగ్గురు స్త్రీలను వెంటబెట్టుకొని ట్యాంకు నుండి చివరి కుళాయి వరకు నడువుడు. గొట్టము కాలువలో మునిగిన చోట్లు ఎన్ని, నీరు కారు చోట్లు ఎన్ని, చివరి ఇంటికి బిందె నిండుటకు ఎంతసేపు పట్టుచున్నది వ్రాసికొనుడు. ఆ కాగితమును, నెల జమాఖర్చును గ్రామసభ ముందుంచి, రుసుము ఎంత ఉండవలెనో ఊరివారినే అడుగుడు. లెక్క తెలిసిన ఊరు కట్టుటకు వెనుదీయదని మా విశ్వాసము.