తీగలేని పనిముట్టు – చేతి రక్షణము

(విశ్వబ్రాహ్మణ వార్షిక మహాసభయందలి యుపన్యాస పాఠము)



విద్యానిధి, వసతిగృహము మున్నగు గొప్ప విషయములనుగూర్చి పెద్దలు ప్రసంగించిన యీ వేదికపై మేము బ్యాటరీ డ్రిల్లునుగూర్చియు గ్రైండరునుగూర్చియు మాటలాడబూనుట కొందఱికి వింతగా దోపవచ్చును. కాని మన పాంచాణమువారి ఆస్తి యంతయు వ్రేళ్లయందున్నది. వసతిగృహము కూలినచో మరల గట్టుకొందుము. తెగిన బొటనవ్రేలు మునుపటివలె ఉలి పట్టదు.

తీగలేని డ్రిల్లు నిన్నమొన్నటిది కాదు. అమెరికాలోని బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీవారు 1961లో దానిని వెలువరించిరి. 1971లో అపోలో-15 వ్యోమగాములు చంద్రుని నేలను దొలిచినదియు బ్యాటరీ డ్రిల్లుతోనే. లిథియమ్ బ్యాటరీలు వచ్చిన పిదప నది తేలికయై, నేడు పల్లెలలో గుమ్మములు బిగించు వడ్రంగి సంచిలోనికిని వచ్చినది. 2023 విశ్వకర్మ జయంతినాడు, సెప్టెంబరు 17న, ఆరంభమైన పి.ఎమ్. విశ్వకర్మ పథకము పదునెనిమిది వృత్తులవారికి పనిముట్లకై 15,000 రూపాయలవఱకు సాయము నేర్పఱచినది. ఇది సంతోషింపదగినదే. అయినను పనిముట్టు చేతికి వచ్చినంత వేగముగా దానిని వాడు మర్యాద రాలేదని మా యభిప్రాయము.

తీగ యున్న కాలమున ఆ తీగయే మనకు గురువుగ నుండెను. బరమా మార్చవలెనన్న ప్లగ్గు పీకెడివారము. పీకిన పనిముట్టు చచ్చినదని కన్నులకు దెలియుచుండెను. తీగలేని పనిముట్టు బల్లపై బరుండియున్నను మేలుకొనియే యుండును. సంచిలో నొత్తుకొన్నను, పిల్లవాడు మీట నొక్కినను తిరుగును. కావున బరమాగాని, బ్లేడుగాని, చక్రముగాని మార్చుటకు ముందు బ్యాటరీని ఊడదీయవలయును. డ్రిల్లును ముందునకు వెనుకకు ద్రిప్పు మీటను నడిమికి నెట్టినచో నొక్కుడుమీట బిగిసికొనును. సంచిలో బెట్టునపుడు ఇదియు మంచిదే గాని, బ్యాటరీ తీయుటకు ఇది బదులు కాదు.

తీగ లేదు గనుక విద్యుద్ఘాతము కలుగదనుట మఱియొక భ్రమ. గోడలోపల బోవు కరెంటు తీగకు బరమా తగిలినచో, డ్రిల్లు ముందరి యినుపభాగమంతయు కరెంటగును. స్విచ్చిబోర్డులకు పైనను క్రిందను తొలుచునపుడు మెయిను ఆపించి, రబ్బరు పిడిని మాత్రమే పట్టుకొనవలయును.

డ్రిల్లు చిన్నదని చులకన చేయరాదు. టేకు దూలములో బరమా చిక్కుకొన్నచో మిషనే తిరిగి మనికట్టును మెలిపెట్టును. ప్రక్కపిడి నిచ్చినది అందులకే. దానిని డబ్బాలో దాచుకొనుట కాదు. కండువా, వ్రేలాడు చొక్కాచేయి, మెడలోని తాయెత్తు, జంధ్యము, ఇవన్నియు లోపలికి దోపుకొనవలయును. తిరుగు బరమాదగ్గఱ చేతితొడుగులును కూడదు. అవి రక్షింపకపోగా వ్రేలిని లోనికి లాగును.

మాకు మిక్కిలి భయము గొలుపునది గ్రైండరు. నాలుగంగుళముల చక్రము నిమిషమునకు 8,500 చుట్లు తిరుగునపుడు దాని అంచు గంటకు 160 కిలోమీటర్ల వేగమున బోవును. అట్టి చక్రము పగిలినచో దాని ముక్కకును ముఖమునకును నడుమ నున్నది గార్డు మాత్రమే. పెద్ద చక్రము పట్టదని ఆ గార్డునే విప్పి పాఱవేయుచున్నారు! విజయదశమినాడు పసుపుకుంకుమలు పెట్టి పూజించిన పనిముట్టునకు మఱునాడే కవచము నూడబెఱుకుట యేమి భక్తి? అంతకంటె ఘోరమైనది, చెక్క కోయు పండ్ల బ్లేడును గ్రైండరునకు దగిలించుట. పండ్లు చెక్కలో జిక్కిన క్షణమున మిషను పనివానిమీదికి ఎగిరివచ్చును. ఎదురుగ నుండునది తొడయో, కడుపో, మెడయో యగును. చెక్కకు వేఱుగ రంపపు మిషను కలదు. దాని వెల ఆసుపత్రి ఖర్చుకంటె తక్కువ. ఇనుము కోయు చక్రముల నడిమి రేకుపై గడువు తేది ముద్రింపబడి యుండును. గడువు దీరినదానిని, క్రిందపడి బీటవాఱినదానిని వాడరాదు. మీట వదలిన పిదపను చక్రము కొంతసేపు తిరుగును గాన, అది నిలుచువఱకు చేతనే పట్టుకొనవలయును.

ఇక బ్యాటరీ. పదునెనిమిది వోల్టుల పెట్టెలో 3.6 వోల్టుల సెల్లులు ఐదు వరుసగ నుండును. నిండినపుడు ఒక్కొక్కటి 4.2 వోల్టులగును గనుక దానినే కొందఱు 21 వోల్టులని వ్రాయుదురు. రెండును ఒకటే. ఐదు సెల్లుల పెట్టెపై ఇంతకు మించిన యంకె కనబడినచో అది అంగడివాని కవిత్వము! రామగుండమునందును రెంటచింతలయందును మే నెల యెండ యెట్టిదో చెప్పనక్కఱలేదు. రేకులషెడ్డులో కాగిన బ్యాటరీని వెంటనే ఛార్జింగునకు బెట్టక, నీడలో చల్లాఱనీయవలయును. చిత్రిక పొట్టు కుప్పల నడుమ రాత్రియెల్ల ఛార్జింగు పెట్టి నిదురించుట నిప్పుతో నాడుకొనుటయే. మేకులతోపాటు బ్యాటరీని ఒకే సంచిలో వేసినచో మేకు రెండు కొనలను గలిపి మంట పుట్టింపవచ్చును. ఉబ్బిన బ్యాటరీని విప్పించి, చవుకగ సెల్లులు మార్పించుకొనుటయు క్షేమము కాదు.

ధూళినిగూర్చి ఒక్కమాట. కఱ్ఱపొడి క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లోనే నిర్ణయించినది. ఆళ్లగడ్డ, దుర్గి మొదలగుచోట్ల రాతిపని చేయు మన శిల్పి సోదరులకు రాతిధూళి ఊపిరితిత్తుల శత్రువు. తలగుడ్డ మూతికి జుట్టుకొన్నంతమాత్రమున సన్నని ధూళి యాగదు. అందులకు తగిన మాస్కు వలయును.

పోషకులకు మా మనవి యిది. పేద పనివారికి మిషనులు దానమిచ్చుచున్నారు, ధన్యులు. ఆ పెట్టెలోనే కండ్లద్దములను, మాస్కులను, మంచి చక్రములను గూడ నుంచుడు. పని నేర్చుకొను కుఱ్ఱవానికి తొలినాడే గ్రైండరు నందీయక, కొన్నాళ్లు రంపమును చిత్రికను పట్టించుడని పనిపెద్దలను వేడుచున్నాము. చెక్క యెటు లాగునో, ఎచట పట్టుకొనునో ఆ చేతిపనియే వానికి దెలుపును.

మధ్యాహ్న భోజనానంతరము పందిరి యుత్తరపు ప్రక్కన ఈ పనిముట్లన్నియు నుంచబడును. అందఱును వచ్చి చేతబట్టి చూడవచ్చును. బ్యాటరీలు మాత్రము వేఱొక పెట్టెలో, కార్యదర్శిగారి యొద్ద నుండును.