తూకమునకు రాని విలువ

(ఒక పఠనమందిరమున జరిగిన సభలో చేసిన ఉపన్యాసము)



చేతితో చేసిన నగలను గూర్చియు, వానిని చేయు శిల్పులను గూర్చియు మాటలాడుమని ఈ పఠనమందిరమువారు నన్ను కోరిరి. నగలమాట వకీలుకేల యని కొందరు ముసిముసి నవ్వులు నవ్వుచుండుట నేను చూచుచునే యున్నాను. కాని అయ్యలారా, స్త్రీధనపు దావాలు, ఆస్తిపంపకములు, తాకట్టు తగవులు మావద్దకు వచ్చునప్పుడెల్ల దావాపత్రము వెనుక నగల జాబితా యొకటి తప్పక వచ్చును. కాసులపేరు ఒకటి, ఇన్ని గ్రాములు. వంకీలు ఒక జత, ఇన్ని గ్రాములు. ముక్కుపుడక ఒకటి, ఇంత. ఇరువది సంవత్సరములుగా ఇట్టి జాబితాలను చదువుచున్నాను. తూకము కలదు, వన్నె కలదు, ధర కలదు. ఎవరు చేసిరి, ఎట్లు చేసిరి యను ముక్క ఏ జాబితాయందును కనుపట్టలేదు. ఇది గుమాస్తాల లోపము కాదు. మన కన్నే అట్లు అలవడినది.

బజారులో బిల్లును చూడుడు. చేతిపనిని మనము ఏ పద్దుక్రింద వ్రాయుచున్నాము? తరుగుక్రింద! ఒక మనుష్యుని నేర్పును నష్టముపేర లెక్కించుటకంటె అవమానమేమున్నది? మజూరియని వేరుగ వ్రాసినచోటులందును దానిని బంగారుధరపై నూటికింతయని కట్టుదురు. బంగారము ధర పెరిగినచో అదేపనికి మజూరియు పెరుగును, తగ్గినచో తగ్గును. పని యేమైన మారినదా? పెరిగిన మజూరి కుంపటియెదుట కూర్చున్నవానికి చేరునా, గాజుబీరువాల వెనుక కూర్చున్నవానికి చేరునా యన్న ప్రశ్నకు మీరే ఉత్తరము చెప్పుకొనగలరు.

2021 జూను 16 నుండి మనదేశమున అనేక జిల్లాలయందు బంగారునగలకు హాల్‌మార్కు నిర్బంధమైనది. మంచిపనియే, కొనువారు మోసపోకుండుటకు అది అవసరము. నగపై మూడు గుర్తులు వేయుదురు: ప్రమాణసంస్థ చిహ్నమొకటి, వన్నెను తెలుపు అంకెలు, ఆరు అక్షరములు గల ప్రత్యేకసంఖ్య. ఆ సంఖ్యనుబట్టి అమ్మిన దుకాణమును, పరీక్షించిన కేంద్రమును తెలిసికొనవచ్చును. చేసినవానిని మాత్రము తెలిసికొనరాదు. లోహమునకు జన్మపత్రిక దొరకినది, శిల్పికి దొరకలేదు.

ఇది క్రొత్తవ్యాధి కాదు. న్యూయార్కు నగరమందలి మెట్రొపాలిటన్ మ్యూజియములో బంగారు కర్ణాభరణముల జత యొకటి కలదు. క్రీస్తుపూర్వము ఒకటవ శతాబ్ది నాటివి, ఆంధ్రదేశమున చేసినవి కావచ్చునని పండితులు తలంచుచున్నారు. రెక్కల సింహమును, ఏనుగును, సన్నని తీగలను, ఆవగింజలవంటి గుండ్లను కూర్చి చేసిన ఆ పని ముందు తలవంపని కంసాలి నేడు లేడు. వానిని ధరించినవారు రాజులని చెప్పుదురు. చేసినవారెవ్వరో చెప్పువారు లేరు.

ఇక నేటికిని బ్రతికియున్న పనియొద్దకు వత్తము. కరీంనగరపు వెండితీగపనిని మీలో కొందరైనను చూచియుందురు. ఫిలిగ్రీ యని లోకము పిలుచునది ఇదియే. ఈ విద్య ఎలగందులనుండి అచ్చటికి వచ్చినదని చెప్పుదురు. వెండిని కరగించి కడ్డీగా పోసి, దాకలిపై సాగగొట్టి, కమ్మచ్చునందలి రంధ్రములగుండ లాగుదురు. పెద్ద రంధ్రమునుండి చిన్నదానికి, అందుండి మరింత చిన్నదానికి. లాగినకొలది తీగ బిరుసెక్కును. మరల కాల్చి మెత్తబరుపవలెను. వెంట్రుకవలె సన్నగిలినపిమ్మట రెండు పోగులకు పురిపెట్టి, ఆ పురిని అణగగొట్టి చదును చేయుదురు. అప్పుడు దాని అంచున సన్నని గింజలు గ్రుచ్చినట్లు మెరుగు పుట్టును. ఇంచుక వెండితో ఇంతటి కాంతి యెట్లు వచ్చినదని ఆశ్చర్యపడువారికి సమాధానము ఆ పురిలోనే యున్నది.

పిదప లావుపాటి తీగతో ఆకునకో నెమలికో చట్టము కట్టి, దాని నడుమ ఈ చదునుతీగను పట్టకారుతో చుట్లుచుట్లుగా అమర్చుదురు. ఒక చుట్టు మరియొకదానిని ఆనుకొని నిలువవలెను. సందు మిగులరాదు, ఒత్తిడి కలుగరాదు. గురిగింజను స్వర్ణకారుడు తూనికకు వాడుననియే మనము విన్నాము. అదే గింజను నూరి జిగురుగా వాడి చిన్నచిన్న ముక్కలను నిలిపియుంచు పద్ధతియు ఈ వృత్తిలో కలదు. మనకు తూకముగా తెలిసినది అతనికి పనిముట్టు! తరువాత వెలిగారమును, టంకపు పొడిని చల్లి గొట్టముతో మంట నూదును. ప్రాణసంకటము ఇచ్చటనే. టంకము కరగవలెను, తీగ కరగరాదు. ఒక్క ఊపిరి ఎక్కువైనచో దినములతరబడి చేసిన పని ముద్దయగును. ఆ ఊపిరిని కొలుచు త్రాసు ఏ దుకాణమునను లేదు.

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలుమాట. ఈ పనిలో సగము ఖాళీస్థలమే. పనివాడు ఎంత నేర్పరియైన తీగ అంత సన్నమగును. తీగ సన్నమైనకొలది తూకము తగ్గును. కావున తూకమునుబట్టి వెలకట్టు బజారులో నేర్పరికి శిక్ష, మొద్దుచేతికి బహుమానము. ఏ న్యాయస్థానమున ఇట్టి తీర్పు చెల్లును?

కరీంనగరపు వెండితీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2023 సెప్టెంబరులో ఢిల్లీయందు జరిగిన జీ-20 సమావేశమునకు వచ్చిన విదేశీయుల వస్త్రములపై ఆ శిల్పులు చేసిన అశోకచక్రపు బిళ్లలు మెరసినవి. సంతోషము. కాని 1999 నాటి ఆ చట్టమును చదివినవాడనుగా ఒకమాట చెప్పవలసియున్నది. అది ఊరిపేరును కాపాడును. ఊరిలోని పనివాని కూలిని నిర్ణయింపదు. 2025వ సంవత్సరమున కిలోవెండి లక్షరూపాయలను దాటిపోయినది. సొంతముగా వెండి కొనలేని శిల్పి వర్తకుడిచ్చిన వెండికి కూలివాడగును. ఊరిపేరు మిగిలి, పనివాడు మిగులనిచో ఆ గుర్తింపుపత్రమును అద్దమునకు బిగించి గోడకు తగిలించుకొనవలసినదే.

తూకమును మరచి పనిని చూచిన సమాజములు లేవా యని అడుగుదురేమో. 1946లో న్యూయార్కునందలి ఆధునిక కళామందిరము చేతిపని నగల ప్రదర్శనము నొకదానిని జరిపినది. ఆనీ ఆల్బర్స్ అను నేతశిల్పియు, ఆమె శిష్యుడును కలిసి ఇనుపసామానుల అంగడిలో దొరకు వాషరులతోను, కాగితములకు గ్రుచ్చు క్లిప్పులతోను కూర్చిన హారములు అందుంచబడినవి. మెక్సికోలో బయల్పడిన ప్రాచీనాభరణములను చూచి, విలువ రత్నమున లేదు, కూర్పునందున్నదని వారు గ్రహించిరి. ఆ ప్రదర్శనమందే అలెగ్జాండర్ కాల్డరు పనియు కలదు. ఇత్తడితీగను, వెండితీగను వంచి, సుత్తితో అణచి, పెక్కుతావుల టంకమే లేకుండ ఆయన తన జీవితమున సుమారు 1800 నగలను చేసెను. 1955లో అహమ్మదాబాదునకు అతిథిగా వచ్చినప్పుడును ఆయన చేతులు ఊరకుండలేదు. ఆ ఇత్తడినగలు నేడు మ్యూజియములందున్నవి. వాని తూకమును ఎవ్వరును అడుగరు. కాల్డరు చేసినదా యనియే అడుగుదురు. ఆయన గొప్పతనమును తగ్గించుట నా ఉద్దేశము కాదు. తీగను వంచు విద్యలో ఆయనకు తీసిపోనివారు మన వీధులలో పేరులేక బ్రతుకుచున్నారని మాత్రమే నా మనవి.

మన కంసాలినిగూర్చి మనకు తెలిసిన సామెతలన్నియు అతనిని దొంగయనునవే. బంగారమునే చూచు కన్నులకు దానిని ముట్టుకొను చేయి దొంగచేయిగానే తోచును. ప్రభుత్వమునకును అట్లే తోచినది. 1963 జనవరిలో బంగారు నియంత్రణము వచ్చి, 14 కారట్లను మించిన వన్నెతో క్రొత్తనగలు చేయరాదని శాసించినది. విదేశీద్రవ్యమును, దొంగరవాణాను మనసున పెట్టుకొని చేసిన శాసనమది. దాని వ్రేటు దొంగరవాణాదారునికంటె ముందు కుంపటిపై పడినది. వేలకొలది కుటుంబములకు పని పోయెను; ఆత్మహత్యలు జరిగెను. 1968లో అది చట్టమై, 1990లోగాని తొలగలేదు. 2023 సెప్టెంబరు 17న వచ్చిన విశ్వకర్మ పథకమునందు 18 వృత్తులలో స్వర్ణకారవృత్తియు చేర్చబడినది. నూటికి 5 వడ్డీకి ఋణమిత్తురు. అది అక్కరకు వచ్చునదే. అయినను ఋణము వేరు, గిరాకి వేరు.

ఖద్దరు కట్టువాడవు, నగలను పొగడుదువా యని ఒక మిత్రుడు నన్నడిగెను. 1934 జనవరిలో మలబారునందలి వడగరలో కౌముది యను పదునారేండ్ల బాలిక తన గాజులను, హారమును, కర్ణభూషణములను గాంధీగారి చేతికిచ్చిన కథ నాకును తెలియును. వానికి బదులు మరల చేయించుకొనవద్దని ఆయన ఆమెను కోరెను. ఆ త్యాగమునకు నమస్కరింతును. ఆ సంవత్సరమే గ్రామపరిశ్రమల సంఘమును స్థాపింపజేసినవారును ఆయనయే. నిలువచేసిన ధనము వేరు, పనిచేయు చేయి వేరు. నేను పొగడునది పెట్టెలో దాచి అవసరమునకు కరగించుకొను బంగారమును కాదు. చిటికెడు వెండి, మట్టి, గాజు, లక్క, పట్టుదారము - వీనితో రూపము కల్పించు నేర్పును. చిలకలపూడి గిల్టు నగనైనను నేను చిన్నచూపు చూడను. అందు బంగారము పూతమాత్రమే కనుక మిగిలిన విలువ యంతయు పనిదే.

చేతితో చేసినంతమాత్రమున ప్రతివస్తువును మంచిదనుట కూడ అన్యాయమే. ఈనాడు పట్టణములలో చదువుకొన్న యువతీయువకులు మట్టితోను, దారముతోను నగలు చేయుచున్నారు. అందు కొన్ని చక్కనివి, కొన్ని వంకరవి. వంకరను చేతిపనియని దాచరాదు. నగను కొనునప్పుడు తిరుగవేసి వెనుకప్రక్క చూడుడు. మంచిశిల్పి కనబడనిచోట కూడ ఆకురాయి నడపియుండును. కొక్కెము సాఫీగా పడుచున్నదా, అంచు చర్మమును గీరుచున్నదా చూడుడు. తీగపనియైనచో ఆ సన్నని పురి కనబడుచున్నదా యని చూడుడు. అచ్చులో పోసినదానియందు తీగలు విడివిడిగా నుండవు, ముద్దకట్టియుండును.

పాతనగలను మార్పిడికి ఇచ్చునప్పుడు కొంచెము ఆగుడు. మీ అవ్వగారి నాగరము కరగినచో బంగారము మీకు తిరిగివచ్చును. ఆ పనిచేసిన చేయి తిరిగిరాదు. పంపకములయందు కూడ నగను విరిచి పంచుకొనుటకంటె, ఒకరు నగ తీసికొని మరియొకరికి సొమ్మిచ్చునట్లు రాజీ కుదుర్చుట మా వకీళ్లకు కష్టమైన పని కాదు.

దుకాణమున బిల్లు వ్రాయించునప్పుడు లోహపు ధర వేరుగ, పనిధర వేరుగ రూపాయలలో వ్రాయుమనుడు, చేసినవారి పేరడుగుడు. మొదట దుకాణదారుడు విసుగుకొనును, పదిమంది అడిగిన తరువాత వ్రాయును. మన ఊరిలోను, చుట్టుప్రక్కలను చేతితో నగలు చేయువారి పేర్లు, వారి పనితీరు వ్రాసియుంచుటకు ఈ మందిరమున ఒక పుస్తకము పెట్టుటకు కార్యదర్శిగారు సమ్మతించిరి. పేరు వ్రాయుటకు ముందు వారి అనుమతి పొందవలెను. మీ యింటి పెండ్లికి తాళిబొట్టు చేసినవారెవరో మీకు తెలిసినచో, ఈ రాత్రియే వారిని అడిగి వచ్చి, మొదటి పుటయందు వ్రాయింపుడు.