ఎండకు ఒక చెరువు

ధర్మపురి వానలు తక్కువైన సీమ. కురిసిన నీటిని చెరువులో నిలుపుకున్న ఊరే వేసవిని గట్టెక్కుతుంది. ఎండ విషయంలోనూ ఇదే ధర్మం.

2004 వరకు ధర్మపురి జిల్లాలోనే ఉన్న హోసూరు వంటి పారిశ్రామిక కేంద్రాలలో యంత్రాలు రాత్రి కూడా తిరుగుతాయి. సూర్యుడు మాత్రం సాయంత్రానికే సెలవు తీసుకుంటాడు. పగటి మిగులు విద్యుత్తును బ్యాటరీలో నిలువ చేస్తే కర్మాగారం ఆ లోటును కొంత పూడ్చుకోగలదు.

అయితే చెరువు నీటికి వలెనే దీనికీ తరుగు ఉంది. లిథియం అయాన్ బ్యాటరీలో 100 యూనిట్లు నింపితే సుమారు 85 నుండి 90 మాత్రమే తిరిగి వస్తాయి. కనుక పగటి విద్యుత్తును పగలే వాడి, మిగిలినదే దాచాలి. మిగులు ఎంతో లెక్కగట్టక కొన్న బ్యాటరీ, వాగు లేని చోట కట్టిన చెరువు. ఆ లెక్క కట్టగల బిడ్డలను తీర్చిదిద్దడమే బడికి నిజమైన ఉత్సవం.