తీరిక కూడా హక్కే



గది సర్దుకోవడం, స్నేహితురాళ్లతో సెకండ్ షోకి వెళ్లడం హక్కుల సభలో మాట్లాడే విషయాలా అని కొందరడిగారు. ముమ్మాటికీ అవును.

2024 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిచాకిరీకి స్త్రీలు రోజుకి 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చించారు. అదీ ఆ పని ముట్టుకునే పురుషుల లెక్క మాత్రమే. ఇల్లంతా సర్దే మనకి మన కాగితాలు దాచుకునే అర ఒక్కటి ఉండదు.

రాత్రి గడపదాటితే 'ఏం పని?' అంటారు. పనిలేకుండా తిరిగే హక్కు మగవాడికి పుట్టుకతోనే వస్తుంది. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబై మీద 2011లో రాసిన 'వై లాయిటర్?' స్త్రీలకి అడిగింది ఆ హక్కునే.

ఇంట్లో కూర్చోబెట్టడం రక్షణ కాదు. వీధి దీపాలు, రాత్రి బస్సులు, మరుగుదొడ్లు రక్షణ. మన డిమాండ్లలో వేతనం, ఆస్తిహక్కుల పక్కనే తీరికనీ చేర్చుదాం.