చీటీ రాసిపెట్టి వెళ్లిన ఆటగాడు

మగవాళ్ల ఆటల గొడవ మనకెందుకని రేడియో కట్టేయకండి. ఈవేళ నేను చెప్పబోయే కథలో ఇళ్లూ ఉన్నాయి, ఇల్లాళ్లూ ఉన్నారు.

ఆట పేరు రగ్బీ. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకుని, పక్షానికి పదిహేనుమంది చొప్పున ఒకరినొకరు పడదోసుకుంటూ ఆడే మొరటు ఆట. మనకు క్రికెట్ ఎలాగో న్యూజిలాండువాళ్లకు ఇది అలాగ. నల్లని దుస్తులు వేసుకుంటారు గనక వాళ్ల జాతీయ జట్టును ఆల్ బ్లాక్స్ అంటారు. 1966 నుంచి 1970 దాకా ఆ జట్టు నాయకుడు బ్రయన్ లొకోర్. వైరరాపా అనే ప్రాంతంలో వ్యవసాయం ఆయన వృత్తి.

ఆట చాలించి పొలం పనుల్లో పడ్డాక, 1971లో హఠాత్తుగా కబురొచ్చింది. ఆటగాళ్లకు దెబ్బలు తగిలాయి, బ్రిటిష్ లయన్స్ మీద ఒక్క మ్యాచ్ ఆడిపెట్టమని. వెల్లింగ్టన్‌లో ఆడబోతున్నాననీ, తరువాత ఫోను చేస్తాననీ భార్యకు ఒక చీటీ రాసిపెట్టి వెళ్లిపోయారు! ఇలాంటి చీటీలు మనకు మాత్రం కొత్తా? ఇంతా చేసి ఆ మ్యాచ్ ఓడిపోయారు.

1985లో ఆయన జాతీయ జట్టుకు శిక్షకుడయ్యారు. అప్పుడు దక్షిణాఫ్రికాలో నల్లవారిని మనుషులుగా చూడని జాతివివక్ష రాజ్యమేలుతోంది. 1981లో ఆ దేశపు జట్టు వచ్చి ఆడినప్పుడే న్యూజిలాండులో కుటుంబాలు రెండుగా చీలిపోయాయి. అయినా 1986లో పేరున్న ఆటగాళ్లు చాలామంది అనుమతి లేకుండా దక్షిణాఫ్రికా వెళ్లి ఆడొచ్చారు. వాళ్లను రెండు మ్యాచ్‌లకు నిషేధించారు. లొకోర్ కుర్రవాళ్లను కూర్చుకుని ఫ్రాన్సును 18-9తో ఓడించారు. ఆ కుర్రజట్టు నాయకుడు డేవిడ్ కర్క్, దక్షిణాఫ్రికా వెళ్లనన్నవాడు.

1987లో మొట్టమొదటి ప్రపంచ కప్పు వచ్చింది. వెళ్లినవాళ్లూ, వెళ్లననివాళ్లూ ఒకే జట్టులో ఆడాలి. జనానికేమో ఇంకా కోపం చల్లారలేదు. అప్పుడు లొకోర్ ఏం చేశారో తెలుసా? పోటీల మధ్యలో ఆటగాళ్లను హోటళ్లలో ఉంచకుండా, తన ప్రాంతంలోని పిరినోవా అనే పల్లెకు తీసుకుపోయి రైతు కుటుంబాల ఇళ్లలో దింపారు. అక్కడే తిండి, అక్కడే పడక. కొమ్ములు తిరిగిన ఆటగాళ్లు ఇంటి చుట్టాలయ్యారు.

జూన్ 20న ఆక్లండ్ ఈడెన్ పార్కులో ఫ్రాన్సును 29-9తో గెలిచారు. కప్పు అందుకున్నది కర్క్. లొకోర్‌కు 1999లో సర్ బిరుదు వచ్చింది. 2019లో కన్నుమూశారు.

తప్పు తప్పేనండీ, ఒక పూట భోజనంతో అది ఒప్పయిపోదు. కానీ ముఖం చాటేసుకున్నవాళ్లు మళ్లీ ముఖాముఖీ చూసుకోవాలంటే ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా! చీటీ రాసిపెట్టి ఇల్లు దాటిన మనిషే, చివరికి ఆ చోటు ఇల్లేనని గుర్తించారు. గెలుపు లెక్కల్లో పిరినోవా ఇల్లాళ్ల పేర్లు కనబడవు. మనమైనా వాళ్లను ఒకసారి తలుచుకుందాం.

సెలవు.