టిన్ విజిల్, వెదురు పిల్లనగ్రోవి, అమ్మమ్మ జోలపాట

(అత్తిలిలో మన ఎరుకల యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

అత్తిలి షష్ఠి తీర్థం అంటే మనకు చిన్నప్పటి నుంచీ జీళ్లు, రంగులరాట్నం, పిల్లనగ్రోవులమ్మే మనిషి గుర్తొస్తారు. ఆ గుడిలో సుబ్రహ్మణ్యేశ్వర స్వామి పక్కనున్న వల్లీదేవి వేటగాళ్లింట పెరిగిన పిల్ల. తమిళనాట ఆవిడను కురవల ఆడపడుచు అంటారు. మన పెద్దలు తమను తాము కుర్రు అని చెప్పుకున్నారు. కాబట్టి ఆ తీర్థం మనకు కాస్త పుట్టింటి పండగ లాంటిదే.

మొన్నటి తీర్థంలో మేం నలుగురం తలా ఒక పిల్లనగ్రోవి కొన్నాం. ఇంటికొచ్చి కలిసి ఊదితే నాలుగూ నాలుగు శ్రుతులు! ఒకే పాట నాలుగు గొడవల్లా వినిపించింది. సరైనది ఏదో తేల్చాలని పంతం పట్టాం. డబ్బులు పోగేసి రెండు టిన్ విజిళ్లు తెప్పించాం. కరెంటు వైరింగు పైపు ముక్కతో ఒకటి చేసుకున్నాం. చివరికి బుట్టలల్లే తాతయ్యను బతిమాలి వెదురుతో ఇంకొకటి చేశాం.

టిన్ విజిల్ అంటే ఐర్లండు పాటల్లో బాగా వినిపించే లోహపు గొట్టం. 1843లో ఇంగ్లండులో రాబర్ట్ క్లార్క్ అనే ఆయన తగరం పూసిన రేకుతో వీటిని చేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆరు రంధ్రాలుంటాయి. మామూలుగా వాడే డి శ్రుతిది జానెడు కంటే కాస్త పొడవు, సుమారు 30 సెంటీమీటర్లు. అన్నీ మూసి, కింద నుంచి ఒక్కొక్క వేలూ తీస్తూ పోతే శంకరాభరణం స్వరాలు వరసగా పలుకుతాయి. గట్టిగా ఊదితే అవే స్వరాలు పై స్థాయిలో వస్తాయి.

మేం తెప్పించిన రెండింటిలో ఒకటి రేకు చుట్టి చేసినది, మూతిలో చెక్క ముక్క ఉంది. దానికి ఊపిరి ఎక్కువ కావాలి. గొంతు కొంచెం బొంగురు, కానీ మెత్తన. రెండోది ఇత్తడి గొట్టం, ప్లాస్టిక్ మూతి. తక్కువ ఊపిరికే స్పష్టంగా పలుకుతుంది. పై స్థాయికి వెళ్తే మాత్రం వీధి కుక్కలు అందుకున్నాయి. రెండింటికీ ఒకటే చిక్కు: ఊదగా ఊదగా మూతిలో తడి చేరి గొంతు పూడుకుపోతుంది. ముందు అరచేతుల్లో కాసేపు వెచ్చబెడితే ఆ బాధ తగ్గుతుంది.

విజిల్ నోట పెట్టిన రెండు నిమిషాల్లో మా అందరికీ పలికింది. అడ్డంగా పట్టే వెదురుకూ పైపుకూ పెదవి కుదరడానికి పది రోజులు పట్టింది.

తాతయ్య దగ్గర నేర్చుకున్నది ఇంకా ఎక్కువ. "బుట్టకి పచ్చి వెదురు కావాలిరా, దీనికి ఎండింది కావాలి. గోడ పల్చగా, కణుపుకీ కణుపుకీ దూరంగా ఉండాలి" అన్నాడు. వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టి, మూడు పక్కన పారేసి నాలుగోది ఇచ్చాడు. కాల్చిన ఇనప చువ్వతో రంధ్రాలు పెట్టాం. చీలకుండా నూనె రాశాం.

అప్పుడు అమ్మమ్మ చేత జోలపాట పాడించుకుని, ఫోనులో శ్రుతి చూపించే యాప్ పెట్టాం. ఒక మాట దగ్గర ముల్లు రెండు స్వరాల మధ్య ఆగింది. మేం పుస్తకంలో 'తప్పు' అని రాసుకున్నాం. మళ్లీ పాడమన్నాం. మళ్లీ అక్కడే. మూడోసారీ అక్కడే ఆగింది! పొరపాటు మూడుసార్లూ ఒకే చోట ఎందుకు పడుతుంది? అది పాటలో ఉన్న స్వరమే. తప్పు అని రాసిన మాటను కొట్టేశాం.

ఆ స్వరం కోసం విజిల్ మీద సగం రంధ్రం మూసి చూశాం. దగ్గరకు వచ్చింది గానీ నిలవలేదు. తాతయ్య ఇచ్చిన వెదురు మీద రంధ్రం పెద్దది. వేలు మెల్లగా దొర్లిస్తే స్వరం వంగి అక్కడికి చేరింది. అమ్మమ్మ తలూపింది.

మా తీర్పు ఇది. నేర్చుకోవడానికి టిన్ విజిల్ మంచిది, సిగ్గుపడకుండా కొనుక్కోండి. కానీ విజిల్‌కి సరిపోలేదని అమ్మమ్మ పాటను దిద్దకండి.

ఇంకొక్క మాట. ఆ పాట రెండో చరణం కుర్రు బాసలో ఉంది. బాణీ మాకు వచ్చేసింది, మాటలు సగం అర్థం కాలేదు. మా ఇంట్లో వాటికి అర్థం చెప్పగలిగింది ఆవిడ ఒక్కతే. ఆవిడ గొంతు రికార్డు చేసి, ఒక్కో మాటకూ అర్థం అడిగి రాసుకుంటున్నాం. ఇంకా పూర్తి కాలేదు.

మీ ఇళ్లలోనూ అలాంటి ముసలమ్మ ఉంటే ఈ వారమే దగ్గర కూర్చోండి. వచ్చే షష్ఠికి ఎవరి పాట వాళ్లు తీసుకురండి. వాయించడానికి ఏమీ లేదంటారా? మా దగ్గర రెండు విజిళ్లున్నాయి, ఇస్తాం.

సెలవు.