పెంకా, రేకా? కప్పుని పట్టుకునేదేమిటి?

(గాజువాక పక్క పేటలో ఇళ్ల సమస్య మీద జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మైకు కాస్త ఇటు జరపండి. వెనకాల కూర్చున్న ఆడవాళ్లకి వినపడాలి. ఇల్లు కారితే రాత్రంతా గిన్నెలు పెట్టి కూర్చునేది వాళ్లే.

సభకి రాకముందు ఈ వీధిలోనే ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. అక్కడ తండ్రికీ కొడుక్కీ తగువు. గోడలు లేచాయి, కప్పు మిగిలింది. తండ్రి అంటాడు, "పెంకులే ఎయ్యాలిరా. సల్లగుంటాది. మీ తాత పెంకుటిల్లు సూడకుండానే పోనాడు." కొడుకు ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు వెల్డరు. "రేకులయితే రెండ్రోజుల్లో ఐపోద్ది నాన్నా. పెంకులకి కర్రెక్కడ తెత్తావు?" ఇద్దరూ మా వైపు తిరిగి, "మేష్టారూ, మీరే సెప్పండి" అన్నారు. అక్కడ చెప్పలేదు. ఇది ఆ ఒక్క ఇంటి తగువు కాదు, సభలోనే మాట్లాడదాం అన్నాం. ఇప్పుడు చెబుతాం.

ముందు ఆ పెద్దాయన మాట. పెంకుటిల్లంటే మనవాళ్లకి అంత ఆశ ఎందుకు? చల్లదనం ఒకటే కాదు. అంటరానివాళ్లు ఏయే పనులు చేస్తే ఊరు నేరంగా చూసేదో బాబాసాహెబ్ అంబేద్కర్ ఒక పట్టిక రాశారు. అందులో పెంకుల కప్పుతో ఇల్లు కట్టుకోవడం కూడా ఉంది. మంచి గుడ్డ కట్టుకోకూడదు, బంగారం పెట్టుకోకూడదు, కప్పు మీద పెంకు వెయ్యకూడదు. మా తాత కాలంలో అనకాపల్లి వైపు మా పల్లెలో అన్నీ తాటాకు కమ్మల ఇళ్లే. ఏటా వానలకి ముందు కమ్మలు మార్చాలి, దానికి రైతు తాటిచెట్టు ఎక్కనివ్వాలి, ఎక్కనిచ్చినందుకు నాలుగు రోజులు వెట్టి చెయ్యాలి. మా నాయన మొదటిసారి పెంకులు దింపితే, "పేటలోకి కూడా బెంగుళూరు పెంకు వచ్చేసిందా" అని ఊళ్లో నవ్వారు. ఆ నవ్వు వెనకాల ఏముందో మనకి తెలుసు. (మనం బెంగుళూరు పెంకంటాం గానీ అది మంగుళూరు పెంకు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు అక్కడ ఫ్యాక్టరీ పెట్టాక దేశమంతా పాకింది.) అందుకని పెంకు కావాలన్న తండ్రిని, ముసలాయన చాదస్తం అని ఎవరూ తీసిపారెయ్యకండి.

కానీ గాలికి మన ఆశ తెలీదు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. ఒమాన్ దేశం పెట్టిన పేరు, అదొక పిట్ట పేరు. మిట్ట మధ్యాహ్నం తిన్నగా విశాఖ మీదకే వచ్చి తీరం దాటింది. గంటకి 185 కిలోమీటర్ల గాలి అని వాతావరణ శాఖ లెక్క. అప్పుడు మేము నాయన కట్టిన ఆ పెంకుటింట్లోనే ఉన్నాం. ముందు చూరు దగ్గర పెంకులు ఒకటొకటి లేచాయి, పేకముక్కల్లాగ. తర్వాత నడినెత్తి మీద వెన్ను పెంకులు పోయాయి. లోపలికి గాలి దూరాక ఇంక లెక్కెయ్యడానికేం లేదు. పిల్లల్ని మంచం కిందకి తోసి, మంచం మీద పరుపు వేసి కూర్చున్నాం. తర్వాత ఉన్నట్టుండి గాలి ఆగింది. మా పక్కింటి అన్న "అయిపోనాది" అని బయటికెళ్లి పెంకులు ఏరబోయాడు. అది అయిపోవడం కాదు, తుపాను కన్ను మన నెత్తి మీదకి రావడం. కన్ను దాటగానే గాలి రెండో వైపునుంచి కొట్టింది. ఎదురింటి మీది జింకు రేకు ఒకటి తిరుగుతూ వచ్చి మా వేపచెట్టు కాండంలో దిగబడింది. అన్న అప్పటికి గుమ్మం దాటి లోపలికొచ్చాడు కాబట్టి బతికాడు.

మా ఇంటి పెంకు పోయింది, ఎదురింటి రేకూ పోయింది. మరి ఏది మంచిదంటాం?

ఆ రోజు విశాఖ విమానాశ్రయం కప్పు కూడా చీలికలయింది. అది పేదోడు కట్టింది కాదు, ఇంజనీర్లు కట్టిందే. దీన్నిబట్టి ఒకటి తెలుసుకోవాలి. రేకు ఖరీదయిందా చవకదా అన్నది కాదు విషయం.

ఇక్కడ కాస్త లెక్కల క్లాసు చెప్పక తప్పదు, ఉద్యోగం అలాంటిది. విశాఖలో ఇల్లు కడితే సెకనుకి 50 మీటర్ల గాలికి తట్టుకునేలా కట్టాలని భారత ప్రమాణాల సంస్థ పెట్టింది. అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి కప్పు మీదనుంచి పోతుంటే కప్పుని కిందకి నొక్కదు, పైకి లాగుతుంది. ఎంత? మీటరు పొడవు, మీటరు వెడల్పు ముక్క మీద సుమారు 150 కిలోలు. అంటే రెండు ధాన్యం బస్తాల బరువు, పైకి. చూరు అంచుల్లో, మూలల్లో అంతకంటే ఎక్కువ. ఇప్పుడు అదే ముక్క మీద మన పెంకుల బరువెంత? ఒక్కో పెంకు రెండున్నర మూడు కిలోలు, పదిహేను పడతాయి, మొత్తం కలిపి 40 కిలోల పైచిలుకు. అర మిల్లీమీటరు జింకు రేకు అయితే నాలుగైదు కిలోలు. పెంకు బరువు కదా ఆగుతుందిలే అనుకునే తండ్రీ ఓడిపోయాడు, రేకు ఇనుము కదా ఆగుతుందిలే అనుకునే కొడుకూ ఓడిపోయాడు. బరువుతో ఆగేది కాదిది. కట్టుతో ఆగాలి.

కట్టు అంటే ఏమిటి? రేకు పర్లిన్‌ని పట్టుకోవాలి, పర్లిన్ వాసాన్ని, వాసం గోడని, గోడ పునాదిని. ఈ గొలుసులో ఏ లంకె బలహీనమో అక్కడ తెగుతుంది. మన ఇళ్లలో తెగేది ఎప్పుడూ ఒకే చోట, వాసం గోడ మీద ఊరికే పడుకుని ఉంటుంది. మేస్త్రీ రెండు ఇటుకలు అడ్డం పెట్టి సిమెంటు పూసి దిగిపోతాడు. 1992లో అమెరికాలో ఫ్లోరిడా మీద ఆండ్రూ అనే తుపాను పడింది. అక్కడ దాన్ని హరికేన్ అంటారు, గాలి ఒకటే. బాగా డబ్బున్న దేశంలో కూడా మేకులు సరిగా దిగని కప్పులన్నీ ఎగిరిపోయాయి. తర్వాత వాళ్లు ఇళ్ల కట్టుబడి చట్టమే మార్చుకున్నారు. వాసానికీ గోడకీ మధ్య వేసే ఇనప పట్టీ అక్కడ చిల్లర సామాను కాదు, చట్టం.

మనకి ఉక్కు కొదవా? 1966లో ఈ ఫ్యాక్టరీ కోసం జనం తూటాలు తిన్నారు. ఇక్కడ కూర్చున్న వాళ్లలో ఆర్ కార్డు కుటుంబాలెన్నో ఉన్నాయి, భూములిచ్చి పెదగంట్యాడ, అగనంపూడి కాలనీల్లోకొచ్చి పడ్డవాళ్లు. ఆ ఫ్యాక్టరీలో చేసేది రేకు కాదు. ఊచలు, వైర్ రాడ్డు, యాంగ్లర్లు, ఛానళ్లు. కప్పుని పట్టి ఉంచేది కూడా సరిగ్గా అదే సామాను. మన నేల మీద తయారయ్యే ఊచ మన గోడలో నాలుగు మూరలు లేకపోవడం ఏం న్యాయం?

కాబట్టి వెల్డరు తమ్ముడూ, నీ రేకు సంగతి ముందు విను. జె హుక్కు వెయ్యకు. గట్టిగా లాగితే దాని వంపు తెరుచుకుంటుంది. పైపుని చుట్టి పట్టే యు బోల్టు వెయ్యి, రెండు నట్లు బిగించు. రేకు చిరిగేది చాలాసార్లు బోల్టు తల దగ్గరే, బోల్టు ఉండిపోతుంది, రేకు చిల్లు పెద్దదై వెళ్లిపోతుంది. అందుకని వెడల్పాటి వాషరు, దాని కింద రబ్బరు. చూరు, వెన్ను, రెండు పక్క అంచులు, ఈ నాలుగు చోట్లా ఒక మిట్ట విడిచి ఒక మిట్టకి బోల్టు పడాలి. మధ్యలో కాస్త ఎడం ఉన్నా ఫర్వాలేదు. మనవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు, మధ్యలో దట్టంగా బిగించి, అంచుకి వచ్చేసరికి బోల్టులైపోయాయంటారు. ఇంకొకటి, రేకు గేజి చూడు, జింకు పూత ఎంతో అడుగు. చదరపు మీటరుకి 120 గ్రాముల పూతా ఉంది, 275 గ్రాములదీ ఉంది. చూడ్డానికి రెండూ ఒకలాగే మెరుస్తాయి. మనది సముద్రపు ఉప్పుగాలి. పల్చటి పూత ముందు బోల్టు చిల్లు దగ్గర తుప్పు పడుతుంది, అంటే మనం కట్టిన చోటే బలహీనమవుతుంది.

ఎండాకాలం రేకుల కింద ఎలా ఉంటుందో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. వాన పడితే ఆ మోతకి పిల్ల చదువుకోలేదు, మా క్లాసులో అలాంటి పిల్లలు సగం మంది. పైన తెల్ల సున్నం ఏటా వేస్తే వేడి కొంత తగ్గుతుంది. కింద తాటాకు చాపలు కడితే మోత తగ్గుతుంది. పెంకుతో సమానమైతే కాదు. అబద్ధం చెప్పం.

మరి పెంకు వేసుకోదలిస్తే? వేసుకోండి, కానీ ఊరికే పేర్చకండి. చూరు పొడుగునా, వెన్ను పొడుగునా, మధ్యలో వరసలు విడిచి విడిచి సిమెంటు పట్టీలు పొయ్యాలి, అందులో సన్నటి ఊచ ఉండాలి, ఆ ఊచ కింద వాసానికి కట్టి ఉండాలి. అంచు వరసల్లో ప్రతి పెంకునీ రీపరుకి తీగతో కట్టాలి. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వైపులా వాలున్న కప్పు గాలికి బాగా నిలబడుతుంది. మన ఉత్తరాంధ్ర పాత చుట్టిళ్లు గుండ్రంగా ఎందుకు కట్టారో ఆ ముసలమ్మల్ని అడగండి. చూరు ఒకటిన్నర అడుగు మించి బయటికి రానివ్వకండి. వసారా కప్పుని ఇంటి కప్పుతో కలపకండి, విడిగా వెయ్యండి. పోతే వసారాతోనే పోతుంది. మా ఇంట్లో రెండూ ఒకటే, అందుకే వసారాని పట్టుకుని గాలి ఇల్లంతా విప్పేసింది.

వాసాన్ని గోడకి కట్టడం మాత్రం పెంకైనా రేకైనా ఒకటే. కొత్త ఇల్లయితే గోడ పైన చుట్టూ కాంక్రీటు బెల్టు పొయ్యండి, పోసేటప్పుడే ఊచలు పాతి పైకి వదలండి, తర్వాత వాటిని వాసం మీదుగా వంచి బిగించండి. పాత ఇల్లయితే చూరుకి మూడడుగుల కింద గోడకి చిల్లు పెట్టి, ఊచ అటూ ఇటూ పోనిచ్చి పైకి తెచ్చి వాసానికి కట్టొచ్చు. అప్పుడు ఆ మూడడుగుల గోడ బరువు కప్పుకి వేలాడుతుంది.

సిమెంటు రేకు గురించి ఒక మాట. చవకని చాలామంది వేస్తున్నారు. అందులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది, చాలా దేశాలు నిషేధించాయి, మన దేశంలో ఇంకా అమ్ముతున్నారు. తుపానుకి అది వంగదు, పగులుతుంది. హుద్‌హుద్ తర్వాత ఊరంతా పడ్డ చెట్లూ చెత్తా ఎత్తింది మన రెల్లి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. మూతికి గుడ్డ కూడా ఇవ్వకుండా ఈ ముక్కలు కూడా వాళ్లచేతే ఎత్తిస్తారు. పగిలిన సిమెంటు రేకుని పొడిగా ఊడవకండి, నీళ్లు చల్లి తడిపి ఎత్తండి. రంపంతో కొయ్యకండి.

ఇప్పుడు సర్కారు సంగతి. 2022లో కేంద్రం పెట్టిన విపత్తు లెక్కల్లో మైదాన ప్రాంతంలో ఇల్లు మొత్తం పోతే 1,20,000 రూపాయలు. గోడలు నిలబడి కప్పు పోతే? పాక్షికం. పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. అదీ నష్టం 15 శాతానికి తగ్గకపోతేనే. కప్పులేని ఇల్లు పాక్షికంగా ఇల్లట! ఈ మాట రాసినవాళ్లు ఒక్క రాత్రి దాని కింద పడుకోవాలి. పక్కా కచ్చా అని రాసే చోట కూడా మోసపోకండి. రాసేటప్పుడు పక్కన నిలబడి చదివించుకోండి, పగిలిన గోడలు చూపించండి, ఫోటో తీసి ఉంచుకోండి. తుపాను రాకముందే ఇంటి ఫోటో ఒకటి ఉండాలి.

మేము అడగాల్సింది డబ్బు ఒకటే కాదు. స్కీము ఇంటికి ఇనుము, సిమెంటు లెక్క కట్టినప్పుడు బెల్టుకీ, యు బోల్టులకీ, పట్టీలకీ విడిగా లెక్క కట్టమనాలి. 2020లో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున పట్టాలిచ్చారు. అంత చోటులో కూడా ఒక్క గదికి, వంటగదో స్నానాల గదో, స్లాబు పడేలా ప్లాను ఉండాలి. కప్పు పోయినా పిల్లల్ని దూర్చడానికి ఒక్క గది మిగలాలి. ఇంజనీరు బిల్లు రాయడానికొస్తే, "బెల్టు ఎక్కడ సార్, చూపించండి" అని అడగండి. కోపం వస్తే రానివ్వండి.

ఎంత కట్టినా సరే, పెద్ద తుపాను అని చెప్పిన రోజున ఇంటిని పట్టుకుని కూర్చోకండి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలకి వేల మంది పోయారు, కూలీ జనమే ఎక్కువ. ముందురోజే బడికో షెల్టరుకో వెళ్లండి. మధ్యలో గాలి ఆగితే బయటికి రాకండి, కన్ను అది. షెల్టరులో మన వాళ్లకి వేరే మూల చూపిస్తే ఊరుకోకండి, అక్కడే అడగండి.

ఆ తండ్రీకొడుకులు ఇక్కడే కూర్చున్నారు. మావయ్యా, ముందు గది మీద నీ పెంకులు, వెనక వంటగది మీద స్లాబు, పశువుల పాక మీద అబ్బాయి రేకులు. ఇదీ మా మాట, ఇంటికెళ్లి మళ్లీ దెబ్బలాడుకోండి. బెల్టు మాత్రం ఇంకా పొయ్యలేదు కాబట్టి ముందు అది. వచ్చే ఆదివారం పొద్దున్నే ఆ గోడల దగ్గరే కలుద్దాం. మేస్త్రీలు నలుగురు వస్తామన్నారు. ఊచ వంచడం కుర్రాళ్లకి అక్కడే చూపిస్తాం. నిచ్చెనలు రెండు కావాలి, ఒకటి మేము తెస్తాం.